మెస్సీ ఉప్పల్‌కి వచ్చిండు సరే, మన గ్రౌండ్ ఎటు పోయింది?

మాజీ_వార్డు
(చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఇక్కడ సగం మందికి నేను తెలుసు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: ఉమ్మడి పాలమూరులో ఒక మున్సిపాలిటీలో 2020 జనవరి నుంచి 2025 జనవరి దాకా కౌన్సిలర్‌ని. ఊరి పేరు రాయను, పార్టీ పేరు అసలే రాయను. ఊరు చెబితే వార్డు తెలుస్తుంది, వార్డు చెబితే ఇల్లు తెలుస్తుంది. ఇప్పటికే పొద్దున ఆరింటికి మొదలవుతాయి ఫోన్లు. పదవి పోయి ఏడాది కావస్తున్నా నల్లా రాకపోతే నాకే చేస్తారు. ప్రత్యేకాధికారి నంబరు ఎవరి దగ్గరా లేదు మరి.

సంగతి ఏమిటంటే, మొన్న 2025 డిసెంబరు 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు కదా. ఇంట్లో అందరం టీవీ ముందే కూర్చున్నాం. సీఎం కూడా జెర్సీ వేసుకుని బంతి తన్నారు. మన జిల్లా మనిషి, ఫుట్‌బాల్ అంటే ప్రాణం, చూడముచ్చటగానే ఉంది. మధ్యలో మా చిన్నోడు అడిగాడు, "నాన్నా, అది క్రికెట్ స్టేడియం కదా?" అని. అవును, ఉప్పల్ క్రికెట్ స్టేడియమే. ఏం చెప్పాలో తెలియక "ఆడనియ్ రా" అన్నాను.

మర్నాడు ఆదివారం, పంచాయతీ ఎన్నికల రెండో విడత. మా అత్తగారి ఊళ్లో మా బామ్మర్ది వార్డు మెంబరుగా నిలబడ్డాడు. పొద్దున్నే బండి మీద బయల్దేరి మా పాత గ్రౌండ్ పక్క నుంచి వెళ్లాను. పొగమంచులో పది పన్నెండు మంది పిల్లలు ఆడుతున్నారు. ఒకవైపు గోల్‌కి రెండు చెప్పులు. రెండోవైపు గోల్ ఉండాల్సిన చోట మార్కెట్ ప్రహరీ. బంతి గోడకి తగిలితే గోల్ అంట. గోడకి పెయింట్‌తో రెండు గీతలు గీసుకున్నారు.

నేను ఆ గ్రౌండ్‌లో ఆడినవాణ్ణే. పెద్ద ఆటగాణ్ణి కాదు, రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్‌ని. కాలికి దెబ్బ తగలని వారం లేదు. అంగడి రోజు వదిలేస్తే మిగతా ఆరు రోజులూ మాదే. దసరాకి జమ్మి అక్కడే, బతుకమ్మ అక్కడే, సర్కస్ వచ్చినా ఎన్నికల సభ అయినా అక్కడే. మున్సిపల్ కాగితాల్లో మాత్రం దాని పేరు 'ఖాళీ స్థలం'. అది ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ముందు ఒక మూల భగీరథ నీళ్ల ట్యాంకు కట్టారు. ఎవరు కాదంటారు? తర్వాత చుట్టూ టైల్స్ వేసి వాకింగ్ ట్రాక్, ఓపెన్ జిమ్. తర్వాత రెండో మూల సమీకృత వెజ్ నాన్‌వెజ్ మార్కెట్. ఇప్పుడు మిగిలిన దాంట్లో 'ఐ లవ్' అని ఊరి పేరుతో పెద్ద అక్షరాలు పెట్టి, ఫౌంటెన్, సెల్ఫీ పాయింట్ కడతారని వింటున్నాను.

మీ ఊళ్లలో సంగతి ఏంటో చెప్పండి. పార్టీ గొడవలు వద్దు.


లెఫ్ట్_వింగ్

అన్నా, ఆ గోడకి గీతలు గీసింది మేమే 😀 మీ బండి చూసి ఆపుతారేమో, తిడతారేమో అనుకున్నాం.

మేము వారానికి ఒక్కసారి బైపాస్ పక్కన టర్ఫ్‌కి (కృత్రిమ గడ్డి గ్రౌండ్) వెళ్తాం. గంట లెక్కన కట్టాలి. తలా వంద, నూట యాభై పడుతుంది. జీతం వచ్చిన వారం పది మందిమి, నెలాఖరుకి ఆరుగురం. నెట్ లోపల ఆడుతుంటే బంతి బయటికే పోదు, ఆట బాగుంటుంది. కానీ లాంగ్ పాస్ అనేది మర్చిపోయాం. వింగర్ అని పేరు పెట్టుకున్నాను గానీ పరిగెత్తడానికి వింగే లేదు.


పాలమూరు_పిల్లోడు

చెట్టుకే సెలైన్ ఎక్కించిన జిల్లా మనది. 2018లో పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపోతుంటే బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించి బతికించారు. గ్రౌండ్‌కి కూడా ఒక బాటిల్ పెట్టిద్దాం.


కృష్ణా_తీరం

కౌన్సిలర్ గారూ, కోపం వద్దు. పాలమూరు మనిషి ఫుట్‌బాల్ గ్రౌండ్ గురించి బాధపడుతుంటే నాకు నవ్వొస్తోంది. 2015 జూన్‌లో కరివెన దగ్గర పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన చేశారు. 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర మొదటి పంపు తిప్పారు. ఎనిమిదేళ్లకి ఒక పంపు. ఏదుల, వట్టెం, కరివెన, ఉద్దండాపూర్ అని రిజర్వాయర్ల పేర్లు చదువుతూనే మా నాన్న ముసలాడైపోయాడు. 2024 సెప్టెంబరులో వట్టెం పంప్‌హౌస్‌లోకి వరద నీళ్లొచ్చాయి. పొలానికి రావాల్సిన నీళ్లు పంపుల మీదికొచ్చాయి, అదీ మన అదృష్టం.

దేశంలో ఏ డ్యాము కట్టినా పాలమూరు లేబర్ ఉంటుందని గొప్పగా చెప్పుకుంటాం. మన పొలానికి కాలువ ఎవరు తవ్వుతారు? ముందు నీళ్లు. ఆటలు తర్వాత.


మాజీ_వార్డు

@కృష్ణా_తీరం కోపం దేనికి తమ్ముడూ. మా తాత బొంబాయి పోయినవాడే, మట్టిపని మేస్త్రీ. నీళ్ల మాట నీకంటే తక్కువేం కాదు నాకు.

కానీ ఐదేళ్లు పదవిలో ఉండి ఒకటి చూశాను. మన దగ్గర కృష్ణా నీళ్ల గురించి మాట్లాడితే పెద్ద నాయకుడు, మోరీ గురించి మాట్లాడితే కౌన్సిలర్. అందుకని కౌన్సిలర్ కూడా మైకు దొరికితే టీఎంసీల గురించే మాట్లాడతాడు. నేనూ మాట్లాడాను. 90 టీఎంసీలు, శ్రీశైలం బ్యాక్ వాటర్, అంతా నోటికొచ్చు. కింద కూర్చున్న అవ్వ "బిడ్డా, మా గల్లీ లైటు" అంటే "చూస్తా అవ్వా" అని మళ్లీ టీఎంసీల్లోకి పోయేవాణ్ణి. టీఎంసీలు నా చేతిలో లేవు కాబట్టి ఎంతైనా మాట్లాడొచ్చు. లైటు నా చేతిలో ఉంది, అదే ఇబ్బంది.


నీలగిరి_బాబాయ్

నల్లగొండ నుంచి. మీ పాలమూరువాళ్లు నీళ్ల గోస మీకొక్కరికే ఉన్నట్టు మాట్లాడతారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లు మావి. మర్రిగూడ వైపు ఒక్కసారి వచ్చి చూడండి.

1996 గుర్తుందా ఎవరికైనా? నల్లగొండ లోక్‌సభకి 480 మంది పోటీ చేశారు. ఎక్కువ మంది జలసాధన సమితి వేయించిన నామినేషన్లే. గెలవడానికి కాదు, మా నీళ్ల మాట దేశం వినాలని. ఓటు పత్రం కాగితంలా కాక పుస్తకంలా తయారైంది. పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి గెలిచింది ధర్మభిక్షం. మూడు మినహా అన్ని డిపాజిట్లూ గల్లంతు. ఆ ఏడాదే డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. అంటే ఢిల్లీకి ముందు అర్థమైంది మా నీళ్ల బాధ కాదు, నామినేషన్ల బాధ.

అప్పుడు నేను డిగ్రీ. మా బ్యాచ్‌లో ఒకడు నామినేషన్ వేశాడు. వాళ్ల ఇంట్లో వాళ్లే వాడికి ఓటు వేయలేదు. 480 మందిలో వాడి పేరు వెతకలేక వదిలేశారు.


లెఫ్ట్_వింగ్

బాబాయ్ సూపర్. మున్సిపల్ ఎన్నికలు వస్తాయి కదా, మనమూ వార్డులో ఒక 22 మంది వేద్దామా? రెండు టీములు సరిపోతాయి.


నీలగిరి_బాబాయ్

వేయండి. ఒకటే జాగ్రత్త, అందులో ఒకడు నిజంగా గెలవాలనుకుంటాడు. అప్పుడు టీము పోతుంది.


రిటైర్డ్_పీడీ

ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశాను. ఈ చర్చ ఆలస్యంగా చూశాను.

లెక్క చెప్తాను. పూర్తి స్థాయి ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే 7,140 చదరపు మీటర్లు. మన భాషలో ఎకరం ముప్పై గుంటలు, పైన కొంచెం. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టారు. నీలం బోర్డు, కబడ్డీ కోర్టు, ఖోఖో స్తంభాలు, వాలీబాల్ నెట్టు, లాంగ్ జంప్ గుంత. స్థలం ఒక ఎకరం అటూఇటూ, దొరకని చోట ఇంకా తక్కువ. ఎకరంలో ఫుట్‌బాల్ ఎలా పడుతుంది? ఎవరిదీ తప్పని అనను. కబడ్డీ, ఖోఖో మన ఆటలే. కానీ పెద్ద స్థలం కావాల్సిన ఆటని లెక్కలోంచే తీసేశారు. స్థలం ఎంత ఉందో చూసి ఆ స్థలంలో పట్టే ఆటని పెట్టారు.

ఇంకో మాట. ఈ రాష్ట్రానికి ఫుట్‌బాల్ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ మనిషి, టీచరు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది, బొంబాయి వెళ్లి. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. వీళ్లంతా టర్ఫ్ మీద పుట్టలేదు. రహీం సాబ్ బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టేవారని మా గురువు చెప్పేవారు. నేనూ మా పిల్లలతో ఎడమకాలి మ్యాచ్ ఆడించాను. మొదటి రోజు ఒక్క గోల్ పడలేదు. అందరూ నవ్వుతూ కింద పడ్డారు.

మొన్నమొన్న 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. నాలుగేళ్లు తిరగకుండా క్లబ్బు ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. మీ ఊళ్లో గ్రౌండ్ ముక్క పోయిందని బాధపడుతున్నారు. హైదరాబాద్‌కి జట్టే పోయింది, అడిగినవాడు లేడు.


గల్ఫ్_గోల్‌కీపర్

సార్ నమస్తే, మీ శిష్యుణ్ణి అయ్యుంటానని నా అనుమానం. ఎడమకాలి మ్యాచ్ నాకు బాగా గుర్తు.

నేను దోహాలో ఉన్నా. 2022 వరల్డ్ కప్ స్టేడియాల్లో పనిచేశా, కట్టేటప్పుడు ఒకదాంట్లో, అయ్యాక ఇంకోదాంట్లో హౌస్ కీపింగ్. గడ్డి మీద కాలు పెట్టనివ్వరు. మా క్యాంపు వెనకాల ఇసుకలో శుక్రవారం ఆడతాం. కేరళవాళ్లు, నేపాల్‌వాళ్లు, మనవాళ్లు. మనవాళ్లని మాత్రం గోల్‌లో నిలబెడతారు 🙂


కొలతల_సార్

మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. వేరే జిల్లా. నాకు తెలిసింది చెప్తాను.

1. ముందు మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ రంగులో ఉందో చూడండి. ఆటస్థలంగానో బహిరంగ స్థలంగానో చూపించి ఉంటే, ఆ వినియోగం మార్చడానికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. మున్సిపాలిటీ తనంతట తాను మార్చలేదు. వట్టి 'మున్సిపల్ ఖాళీ స్థలం' అని ఉంటే మాత్రం ఎవరికి ఏ ఆలోచన వచ్చినా అక్కడే వాలుతుంది. మేమూ అలాగే చేసేవాళ్లం. కొత్త పథకం వస్తుంది, పదిహేను రోజుల్లో స్థలం చూపించమంటారు. భూసేకరణకి టైము లేదు, డబ్బు లేదు. మ్యాపు తీస్తే ఊరి నడుమ ఒక తెల్ల ముక్క కనబడుతుంది. వేలు అక్కడికే పోతుంది.

రెండో సంగతికి నంబరు వేయను, అది బాధ. కొత్త లేఅవుట్ వేస్తే పది శాతం స్థలం మున్సిపాలిటీకి రాసివ్వాలి. అలా వదలకుండా అమ్మేసిన అక్రమ లేఅవుట్లలో ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుంటారు, ఖాళీ స్థలం లేనందుకు. మొన్న 2025లో పాతిక శాతం రాయితీ కూడా ఇచ్చారు. అంటే పిల్లలు ఆడుకోవాల్సిన జాగా డబ్బుగా మారి ఖజానాలోకి వచ్చింది. ఆ డబ్బుతో మళ్లీ గ్రౌండ్ కొన్న ఊరు నా సర్వీసులో నేను చూడలేదు.

కౌన్సిలర్ గారిని ఒక్కటి అడుగుతాను. మార్కెట్‌కి స్థలం ఇస్తే అది కౌన్సిల్ అజెండాలోకి వచ్చి తీరాలి. ఆ రోజు మీరు సభలో ఉన్నారా?


లెఫ్ట్_వింగ్

👀


పాలమూరు_పిల్లోడు

వీఏఆర్ (వీడియో రిఫరీ) చెక్ నడుస్తోంది.


మోడరేటర్

పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఒకరు కౌన్సిలర్ గారి ఊరి పేరు ఊహించి రాశారు, అదీ తీసేశాను. దయచేసి ఆపండి.


మాజీ_వార్డు

నిన్నంతా జవాబు ఇవ్వలేదు. మూడో విడత పోలింగ్ పనుల్లో ఉన్నానని చెప్పొచ్చు. కానీ ఫోన్ చేతిలోనే ఉంది.

ఉన్నాను సార్. సభలో ఉన్నాను. చేయెత్తాను కూడా.

ఆ రోజు అజెండాలో ముప్పై పైన అంశాలు. మా వార్డు సీసీ రోడ్డు, డ్రైనేజీ అందులోనే ఉన్నాయి. రెండేళ్లు తిరిగితే అజెండా ఎక్కిన రోడ్డు అది. వానాకాలంలో ఆ గల్లీలో స్కూలు ఆటో దిగబడి ఒక పాపకి చెయ్యి విరిగింది. మార్కెట్ అంశం వచ్చినప్పుడు నేను లేచి 'అది పిల్లలు ఆడుకునే జాగా' అంటే, తర్వాత నా రోడ్డు వచ్చేసరికి ఎవరో ఒకరు 'వాయిదా' అనేవాళ్లు. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ ఏమీ అడగలేదు కూడా. అక్కడ కూర్చుంటే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. 'ఆమోదించడమైనది' అని చదివారు, టీ వచ్చింది, తాగాము.

రోడ్డు వచ్చింది. బాగానే ఉంది. శిలాఫలకం మీద నా పేరు కింది నుంచి రెండో వరసలో ఉంటుంది.

గ్రౌండ్‌ని ఎవడో కబ్జా చేశాడంటే కొట్లాడటం తేలిక. ఇక్కడ కబ్జా లేదు. ట్యాంకు కావాలి, మార్కెట్ కావాలి, ట్రాక్ కావాలి. ఒక్కోదానికీ చెయ్యెత్తడానికి కారణం ఉంది. ఆ చేతుల్లో ఒకటి రైట్ బ్యాక్‌ది. మా పాత టీము వాళ్లు ఇప్పటికీ నాతో దీని గురించి మాట్లాడరు. ఎదురుపడితే బాగానే పలకరిస్తారు, బంతి మాట ఎత్తరు.


కృష్ణా_తీరం

అన్నా, ఇది రాస్తారని నేను అనుకోలేదు. పైన నవ్వొస్తోందని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా. నీళ్ల మాట మాత్రం తీసుకోను.


ఉదయం_5

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. గురుకులంలో చదివేటప్పుడు స్కూల్ గేమ్స్‌లో ఫుట్‌బాల్ ఆడాను, అండర్-17.

మీరందరూ 'మన గ్రౌండ్', 'అందరి గ్రౌండ్' అంటున్నారు. మా ఇల్లు ఆ గ్రౌండ్‌కి మూడో గల్లీ (కౌన్సిలర్ గారి ఊరు ఏదో నాకు అర్థమైంది, భయపడకండి, చెప్పను). బతుకమ్మ తొమ్మిది రోజులు తప్ప నేను చిన్నప్పుడు అందులో అడుగు పెట్టలేదు. పెట్టనివ్వలేదు. గేటు పక్కన పేకాట, చీకటి పడితే సీసాలు. సెలవులకి ఇంటికొస్తే బంతి అటక మీదే. హాస్టల్ గ్రౌండ్‌లో ఆడిన పిల్ల ఊళ్లో ఆడకూడదు.

నేను ఆ గేటు దాటింది ఎప్పుడో తెలుసా? వాకింగ్ ట్రాక్ వేసి, లైట్లు పెట్టాక. ఇప్పుడు పొద్దున ఐదింటికి ఇరవై మంది ఆడవాళ్లం నడుస్తాం. ఓపెన్ జిమ్‌లో ఊయల లాంటి మెషీన్ మీద మా అత్తయ్య ఊగుతుంది, ఆమెకి మోకాళ్ల నొప్పి తగ్గింది. మీరు 'టైల్స్' అని ఎగతాళిగా రాసిన ఆ టైల్సే నాకు ఆ గ్రౌండ్‌ని ఇచ్చాయి.

గోల్ పోయిందని మీకు బాధ. నాకు అసలు ఉన్నదే లేదు కాబట్టి పోయింది కూడా లేదు. ఫౌంటెన్ నాకూ వద్దు. కానీ పాత గ్రౌండ్ వెనక్కి రావాలని మాత్రం నేను మొక్కుకోను.


మాజీ_వార్డు

మేడమ్, మీరు రాసింది మా ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ "నేను ఇరవై ఏళ్ల నుంచి చెప్తున్నా, వినిపించిందా?" అంది. ట్రాక్ వేసినప్పుడు లైట్లు పెట్టించమని అడిగింది కూడా ఆమేనని ఇప్పుడు గుర్తు చేసింది. నేను ఆ లైట్లు నా ఖాతాలో వేసుకుని ఫ్లెక్సీ కొట్టించాను.


రిటైర్డ్_పీడీ

అమ్మా, మీరు రాసింది నూటికి నూరు నిజం. నా సర్వీసులో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు మూడుసార్లు తయారు చేశాను. మూడుసార్లూ తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సగం మంది మానేశారు. గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత జట్టుకి వెళ్లింది. ఆ అమ్మాయి ఫోటో చూసినప్పుడల్లా మానేసిన పిల్లల మొహాలు గుర్తొస్తాయి నాకు.

ఒక పని చేయండి. మిగిలిన జాగా టేపు పెట్టి కొలవండి. గొడవపడటానికి ముందు ఎంత ఉందో తెలియాలి. నియమాల ప్రకారం పెద్దల మ్యాచ్‌కి పొడవు కనీసం 90 మీటర్లు, వెడల్పు కనీసం 45 ఉండాలి.


లెఫ్ట్_వింగ్

సార్, కొలిచాం. టైల్స్ వేసే మా మామ టేపు తెచ్చాడు. మార్కెట్ గోడ నుంచి ట్రాక్ అంచు దాకా 84 మీటర్లు. అడ్డంగా 51.

ఆరు మీటర్లు తక్కువ 😞


కొలతల_సార్

మార్కెట్ గోడ పునాది నుంచి ఎంత వదిలి కట్టారో చూడండి. వెనక సందు అని వదిలిన జాగా ఉంటుంది. అక్కడ ఇప్పుడు చెత్త వేస్తుంటారని నా ఊహ.


లెఫ్ట్_వింగ్

చెత్తే ఉంది సార్. కోడి ఈకలు. కానీ మూడు మీటర్లే.


రిటైర్డ్_పీడీ

వదిలేయండి. 84 చాలు. పదకొండు మంది ఎందుకు? పిల్లలకి తొమ్మిది మంది ఆట ఉంది. గోల్ కూడా పెద్దది వద్దు, 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. 7.32 మీటర్ల గోల్‌లో పన్నెండేళ్ల పిల్లవాణ్ణి నిలబెడితే వాడికి రెండు చేతులూ చాలవు, ఆట మీద విరక్తి పుడుతుంది. తొమ్మిది మంది ఆటకి మీ జాగా లక్షణంగా సరిపోతుంది.

గీతలు గీయండి. గీత గీసిన స్థలం మ్యాపులో తెల్ల ముక్కలా కనబడదు.


కొలతల_సార్

నవ్వులాటకి అన్నారేమో గానీ పీడీ గారి మాట నిజం. సైట్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు గోల్ పోస్టులు ఉంటే 'ఆటస్థలంగా వాడుకలో ఉంది' అని రాయాల్సి వస్తుంది. లేకపోతే 'ఖాళీగా ఉంది' అని రాస్తాం. దాంతోపాటు సోమవారం ప్రజావాణిలో ఒక అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఫౌంటెన్ వద్దని రాయకండి. ఫలానా సర్వే నంబరులో పిల్లలు, మహిళలు ఆటకి, నడకకి వాడుకుంటున్నారు, దాన్ని ఆటస్థలంగా నమోదు చేయండి అని రాయండి. వద్దు అనే అర్జీకి జవాబు తేలిక. నమోదు చేయమనే దానికి ఫైలు తెరవాలి.


ఉదయం_5

అర్జీలో టైములు కూడా రాస్తే నేను సంతకం పెడతాను. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా ఆడపిల్లలకి. మా స్కూల్లో పదకొండు మంది ఉన్నారు, ఇప్పటికి. ఇద్దరి ఇళ్లలో అడగాలి.


లెఫ్ట్_వింగ్

అక్కా, ఐదున్నరకి మేం ఆడుతున్నాం కదా. ఎండాకాలం అయితే ఏడు తర్వాత కష్టం.


ఉదయం_5

తెలుసు తమ్ముడూ. అందుకే ఐదున్నర అడిగాను.


లెఫ్ట్_వింగ్

సరే అక్కా. సాయంత్రం మాకు. ఆదివారం కలిపి.


గల్ఫ్_గోల్‌కీపర్

గోల్ నెట్లు నేను పంపిస్తా. ఫిబ్రవరిలో మా రూమ్మేట్ వస్తున్నాడు. వాడి లగేజీలో ఖర్జూరాల కింద పెడతా.


నీలగిరి_బాబాయ్

నల్లగొండ నుంచి ఒక టీము తెస్తాం. సగటు వయసు 50. తొమ్మిది మంది ఆట అన్నారు కదా, మేం పద్నాలుగు మంది వస్తాం, అందులో ఐదుగురు ఊపిరి పీల్చుకోవడానికి.


మాజీ_వార్డు

టెంట్ హౌస్ నుంచి సర్వి కట్టెలు ఆరు తెప్పించాను. ఇనుప పైపులు వేయిద్దామంటే పిల్లలు వద్దన్నారు, రాత్రికి రాత్రి పాత సామాన్లకి పోతాయట. ధనుర్మాసం కదా, ముగ్గు అమ్మే ఆమె గల్లీలోనే దొరికింది, ఒక బస్తా తీసుకున్నా. ఆమె "ఇంత ముగ్గు ఏ వాకిట్లో వేస్తారు సారూ" అని అడిగింది.

సోమవారం అర్జీ ఇచ్చాం, 43 సంతకాలు. అర్జీ మీద నా పేరు ముందు పెట్టమన్నారు. పెట్టలేదు, మధ్యలో ఎక్కడో ఉంది. ఎన్నికలొస్తున్నాయి కాబట్టి చేస్తున్నాడని అప్పుడే ఒక గ్రూపులో వచ్చేసింది. అది పూర్తిగా అబద్ధమని నేను కూడా గట్టిగా చెప్పలేను. వార్డు రిజర్వేషన్ ఏమవుతుందో చూడాలి.

ఈ పొద్దున గీతలు పోశాం. సెంటర్ సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి ముగ్గు అయిపోయింది. మేడమ్ వాళ్ల అత్తయ్య నడక ఆపేసి ఇంటికెళ్లి డబ్బాతో తెచ్చింది. తెచ్చి మా చేతికి ఇవ్వలేదు, వంకరగా పోస్తున్నారని తనే వంగి పోసింది, మోకాళ్ల నొప్పి మనిషి. సర్కిల్ మధ్యలో చిన్న పద్మం కూడా వేసింది. పీడీ సార్, అది నిబంధనలకి విరుద్ధమా?


రిటైర్డ్_పీడీ

కిక్-ఆఫ్ అయ్యేదాకా ఉండనివ్వండి.


లెఫ్ట్_వింగ్

అన్నా, అంతా సరే గానీ బంతిలో గాలి లేదు. పంపు ఉంది, పిన్ను పోయింది. ఎవరి దగ్గరైనా ఉందా?